టాల్‌స్టాయ్ చిన్న కూతురు అలెగ్జాండ్రా: ఆస్టపోవో తర్వాతి 69 ఏళ్లు

నల్లసిరా:
అందరికీ నమస్తే. రష్యన్ రచయిత టాల్‌స్టాయ్ 1910లో ఇల్లు విడిచి వెళ్లి, ఆస్టపోవో రైల్వే స్టేషన్‌లో కన్నుమూశాడు. ఆ ఆఖరి రోజుల మాట ఎప్పుడొచ్చినా సాషా, అంటే చిన్న కూతురు అలెగ్జాండ్రా పేరు వస్తుంది. తెల్లవారకముందే తండ్రి పెట్టె సర్దిపెట్టిన కూతురు, ఆస్టపోవో స్టేషన్‌లో మంచం పక్కన కూర్చున్న కూతురు. అంతే, ఇక ఆవిడ కథ అయిపోయినట్టు మనం ముందుకు వెళ్లిపోతాం. 1910లో ఆవిడకి 26 ఏళ్లు. చనిపోయింది 1979 సెప్టెంబరు 26న, అమెరికాలో, 95 ఏళ్ల వయసులో. ఈ మధ్యలో యుద్ధభూమిలో నర్సుగా పనిచేసింది, సోవియట్ నిర్బంధ శిబిరంలో ఖైదీగా ఉంది, పుట్టిన ఇంటికే మ్యూజియం సంరక్షకురాలయింది, పరాయి దేశంలో కోళ్లు పెంచింది, నిలువ నీడలేని వేలమందికి దారి చూపించింది. తండ్రి కాగితం మీద రాసినవాటిని ఆచరణలో పెట్టింది ఆ ఇంట్లో ఈవిడేనని నా అభిప్రాయం. మీకు తెలిసినవి చెప్పండి. కాదనేవాళ్లు ఉంటే కాదనండి.

వెన్నెలబడి:
ఆవిడ పుట్టిన రాత్రి దగ్గర్నుంచి మొదలుపెడతాను. 1884 జూన్. టాల్‌స్టాయ్ భార్య సోఫియా ఆండ్రేయెవ్నాకి నెలలు నిండాయి. అప్పటికే ఆ దంపతుల మధ్య ఆస్తి గురించీ, బతుకు తీరు గురించీ గొడవలు ముదిరిపోయి ఉన్నాయి. ఆ సాయంత్రం మాటామాటా పెరిగి టాల్‌స్టాయ్ భుజాన సంచీ వేసుకుని, ఇక ఈ ఇంటికి రానని తులా దారి పట్టాడు. సగం దూరం నడిచాక, భార్య ప్రసవించే ఘడియల్లో ఉందన్న సంగతి కాళ్లకి అడ్డుపడి వెనక్కొచ్చాడు. తెల్లవారేలోపు సాషా పుట్టింది. పదమూడు కాన్పుల్లో పన్నెండోది. తల్లి ఈ బిడ్డను కోరుకోలేదు, పాలివ్వడానికి దాయిని పెట్టింది.

ఇంట్లోంచి వెళ్లిపోవాలని తండ్రి మొదటిసారి గడప దాటింది ఈ పిల్ల పుట్టే రాత్రి. ఆఖరుసారి దాటినప్పుడు పక్కనుండి సాయం చేసిందీ ఈ పిల్లే. నవలలో పెడితే నమ్మలేం.

ముందు తండ్రికి చేదోడుగా ఉన్నది అక్కలు తత్యానా, మాషా. వాళ్లకి పెళ్లిళ్లయి వెళ్లాక రాతకోతల పని సాషా మీద పడింది. వాళ్ల ఎస్టేటు యాస్నాయా పొల్యానా ఇంట్లో ఒక చిన్న గదిని రెమింగ్టన్ గది అంటారు, ఆవిడ టైపు మిషన్ పేరు మీదుగా. టాల్‌స్టాయ్ దిద్దిన కాగితం ఎలా ఉంటుందో ఫొటోల్లో చూసే ఉంటారు. వరసల మధ్య, అంచుల్లో, మూలల్లో అడ్డంగా నిలువుగా గీతలే గీతలు. సాషా దాన్ని శుభ్రంగా టైపు చేసి ఇస్తే, ఆయన మళ్లీ కొట్టేసి, మళ్లీ రాసి, నల్లగా చేసి పంపేవాడు. 1906లో మాషా చనిపోయాక తండ్రికి ఇంట్లో మిగిలిన గట్టి ఆసరా సాషాయే.

దస్తావేజు:
వీలునామా సంగతి నేను చెబుతాను, ఎందుకంటే దీన్ని చాలామంది సాషాకి ఆస్తి దక్కిన కథలా చెబుతారు.

1881 తర్వాత తాను రాసినవి ఎవరైనా డబ్బు కట్టకుండా అచ్చువేసుకోవచ్చని టాల్‌స్టాయ్ 1891లోనే బహిరంగంగా ప్రకటించాడు. అంతకుముందు రాసిన పెద్ద నవలల ప్రచురణ వ్యవహారాలు సోఫియా చూసుకునేది. తన తదనంతరం అన్నీ జనానికే చెందాలన్నది ఆయన కోరిక. అయితే ప్రజలందరికీ అని రాస్తే ఆనాటి రష్యా చట్టం ముందు ఆ వీలునామా నిలబడదు. ఫలానా మనిషి అని పేరు ఉండాలి. ఆ పేరు సాషాది. ఆవిడ ముందే పోతే హక్కులు తత్యానాకి. ఆవిడ పని హక్కులు అనుభవించడం కాదు, వాటిని ప్రజలకి అప్పజెప్పడం.

పాత రష్యన్ కేలండర్ ప్రకారం 1910 జూలై 22న ఆయన గుర్రమెక్కి అడవిలోకి వెళ్లి, చెట్టుమొద్దు మీద కూర్చుని, సాక్షుల ముందు సొంత చేత్తో ఆ పత్రం రాశాడు. ఇంట్లో రాసే పరిస్థితి లేదు. ప్రపంచమంతా ఎరిగిన రచయిత, 81 ఏళ్ల మనిషి, తన రాతల గురించి ఒక పత్రం రాసుకోవడానికి చెట్ల చాటుకి వెళ్లాల్సివచ్చింది.

తర్వాత జరిగింది ఎవరూ చెప్పరు. తండ్రి మరణానంతరం వెలువడిన రచనల ప్రచురణతో వచ్చిన డబ్బుతో సాషా 1913లో యాస్నాయా పొల్యానా భూమిని తల్లి దగ్గరా అన్నల దగ్గరా కొని ఊరి రైతులకి పంచిపెట్టింది. టాల్‌స్టాయ్ ఎన్నో ఏళ్లు రాసి, బాధపడి, చేయలేక వదిలేసిన పని అది. ఆయన 1892లో ఆస్తిని భార్యాపిల్లలకి పంచేసి చేతులు దులుపుకున్నాడు, రైతులకి మాత్రం ఒక్క సెంటు చేరలేదు. కూతురు చేర్చింది.

కాగితంపడవ:
భూమి పంచడం గొప్పే, ఒప్పుకుంటాను. కానీ నేను సోఫియా తరఫున మాట్లాడాలి, లేకపోతే ఈ చర్చ ఒంటికాలి మీద నడుస్తుంది.

48 ఏళ్ల కాపురం. పదమూడు కాన్పులు, అందులో పెద్దయ్యేదాకా బతికింది ఎనిమిదిమందే. భర్త పెద్ద నవలల రాతప్రతులు రాత్రిళ్లు కూర్చుని మళ్లీ మళ్లీ సాపు రాసింది ఆవిడ. అప్పటికి రెమింగ్టన్ లేదు, దీపం వెలుగులో చేతిరాతే. అలాంటి మనిషికి చెప్పకుండా అడవిలో వీలునామా, చెప్పకుండా ఇల్లు వదలడం. అక్టోబరు 28 పొద్దున భర్త వెళ్లిపోయాడని కూతురి నోటి వెంట విని, ఆయన రాసిపెట్టిన ఉత్తరం పూర్తిగా చదవకుండానే పరుగెత్తుకెళ్లి చెరువులో దూకింది. సాషా వెనకాల పరుగెత్తింది, కార్యదర్శి బుల్గాకోవ్‌తో కలిసి బయటికి లాగింది. ఆ సంగతి నేను కాదనను.

ఆ తర్వాతే నాకు మనసొప్పదు. ప్రత్యేక రైల్లో ఆస్టపోవో చేరుకున్న భార్యని లోపలికి రానివ్వలేదు. రైలు పెట్టెలోనే ఉండి, స్టేషన్ మాస్టర్ ఇంటి కిటికీ అద్దంలోంచి లోపలికి తొంగిచూసింది ఆవిడ. ఆనాటి కదిలే బొమ్మల్లో ఆ దృశ్యం ఇప్పటికీ ఉంది, చూడండి. లోపల మంచం పక్కన కూతురు. బయట మంచులో తల్లి. ఆయన స్పృహ తప్పాకే ఆవిడకి తలుపు తెరిచారు. ఇరవై ఆరేళ్ల పిల్లకి తల్లిని గడప బయట నిలబెట్టే హక్కు ఎవరిచ్చారు?

నల్లసిరా:
కాగితంపడవ గారూ, కిటికీ దృశ్యం చూసినవాళ్లెవరికైనా మీ బాధ అర్థమవుతుంది. అయితే ఆ నిర్ణయం సాషా ఒక్కర్తిదీ కాదు. పెద్దన్న సెర్గేయ్ ఉన్నాడు, తత్యానా ఉంది, టాల్‌స్టాయ్ శిష్యుడు, మిత్రుడు చెర్ట్‌కోవ్ ఉన్నాడు, డాక్టర్లు ఉన్నారు. ఆవిడ కనబడితే ఆ గుండె తట్టుకోలేదని అందరూ భయపడ్డారు. తల్లిని ప్రాణంగా చూసుకునే తత్యానా కూడా అదే మాట మీద నిలబడింది.

సాషా తల్లి విషయంలో కఠినంగా ఉండేదన్నది నిజం. ఆ వయసులో ఆవిడ లోకమంతా తండ్రే. అందుకే ఆయన ఆఖరి మాటల్లో ఒకటి నాకు చాలా ముఖ్యమనిపిస్తుంది. చనిపోవడానికి ముందురోజు మంచం పక్కనున్న ఇద్దరు కూతుళ్లతో ఆయన అన్నది ఇది: లోకంలో లేవ్ టాల్‌స్టాయ్ కాక ఇంకా ఎంతోమంది మనుషులున్నారు, మీరేమో లేవ్ ఒక్కణ్ణే చూస్తున్నారు. ఆ మాట విన్న పిల్ల తర్వాత ఏం చేసిందో చూడండి అంటున్నాను నేను.

రైలుబండి:
ఒక సందేహం. తండ్రి యుద్ధానికి బద్ధ వ్యతిరేకి, సైన్యంలో చేరడమే పాపమన్న మనిషి. మరి కూతురు 1914లో యుద్ధానికి ఎలా వెళ్లింది?

వెన్నెలబడి:
తుపాకీ పట్టడానికి వెళ్లలేదండీ, నర్సుగా వెళ్లింది. చేతులు కట్టుకుని ఇంట్లో కూర్చోవడం తన వల్ల కాదన్నది ఆవిడ పక్షం. మొదట గాయపడినవాళ్లని తెచ్చే ఆసుపత్రి రైల్లో, ఆ తర్వాత కాకసస్ దాటి టర్కీ సరిహద్దు వైపు. వాన్ పట్టణంలో టైఫస్ పాకినప్పుడు అక్కడ రోగుల మధ్య పనిచేసింది. ఆ రోజుల్లో టైఫస్ గదిలోకి వెళ్లిన నర్సు ఆరోగ్యంగా బయటికి రావడం అదృష్టం. పేలు కరిచి అంటుకునే జబ్బు, సబ్బు లేదు, మారు దుప్పటి లేదు. తర్వాత పడమటి సరిహద్దున యుద్ధ ఆసుపత్రులు నడిపింది, స్మర్గోన్ దగ్గర విషవాయువు దాడి చవిచూసింది. సెయింట్ జార్జ్ పతకాలిచ్చారు.

తండ్రి సిద్ధాంతానికి ఇది విరుద్ధమా? నాకైతే అనిపించదు. సేవస్తోపోల్ ముట్టడిలో ఫిరంగుల మధ్య నిలబడి యుద్ధం అంటే రక్తం, కుళ్లు, నొప్పి అని రాసిన మనిషి ఆయన. ఆ రక్తాన్నీ కుళ్లునీ ఈవిడ చేతుల్తో కడిగింది.

ఎర్రమందారం:
నేను వేరే వైపు నుంచి మాట్లాడతాను, కోప్పడకండి. సోవియట్ ప్రభుత్వం టాల్‌స్టాయ్‌కి చేసినంత ఏ ప్రభుత్వం ఏ రచయితకి చేసింది? యాస్నాయా పొల్యానాని 1921లో జాతీయ ఆస్తిగా ప్రకటించి కాపాడింది. 1928 నుంచి 1958 దాకా 90 సంపుటాల్లో ఆయన ప్రతి అక్షరాన్నీ అచ్చువేయించింది, డైరీలూ ఉత్తరాలూ సహా. నిరుపేదలు సైతం ఆయన పుస్తకం కొనుక్కోగలిగారు. సాషా ఆ ప్రయత్నాన్ని మధ్యలో వదిలి వెళ్లిపోయి, అమెరికాలో మాజీ అధ్యక్షుడు హెర్బర్ట్ హూవర్ లాంటివాళ్ల పక్కన నిలబడి, జీవితాంతం ఆ దేశాన్నే తిట్టిందంటే నాకు మింగుడుపడదు.

దస్తావేజు:
ఎర్రమందారం గారూ, ఆ 90 సంపుటాల పునాదిలో సాషా చెమట ఉంది. విప్లవం తర్వాత మాస్కోలో రుమ్యాంత్సెవ్ మ్యూజియంలో ఉన్న రాతప్రతులని పెట్టెల్లోంచి తీసి, చదివి, పోల్చి, సాపు రాసే పనికి నడుం కట్టినవాళ్లలో ఆవిడ ఒకరు. భవనంలో కుంపటి లేదు. కోట్లు, టోపీలు తీయకుండా, కొంకర్లు పోయిన వేళ్లతో కూర్చుని టాల్‌స్టాయ్ చేతిరాత విడమరిచారు. ఆ రాత చదవగలిగిన మనుషులే కొద్దిమంది, అందులో కొన్నేళ్లు రోజూ టైపు చేసిన మనిషి ఈవిడ.

అలాంటి మనిషిని 1920లో అరెస్టు చేశారు. తాక్తిచెస్కీ త్సెంత్ర్ అనే రహస్య రాజకీయ బృందం మీద పెట్టిన కేసు. సాషా చేసిన నేరం, కొందరు కలుసుకోవడానికి తన ఇంట్లో చోటివ్వడం, సమోవార్ వెలిగించి టీ పొయ్యడం. క్రిలెంకో ప్రాసిక్యూటర్. తీర్పు మూడేళ్ల నిర్బంధం. మాస్కోలోని నోవోస్పాస్కీ మఠాన్ని అప్పుడు శిబిరంగా మార్చారు, అక్కడ పెట్టారు. శిబిరంలోనూ ఊరికే కూర్చోలేదు, తోటి ఖైదీలకి చదువు చెప్పే ఏర్పాటు చేసింది. ఆవిడ విడుదలకి ఎవరు అర్జీ పెట్టారో తెలుసా? భూమి అందుకున్న యాస్నాయా పొల్యానా రైతులు. గడువు తీరకుండానే 1921లో వదిలేశారు.

సమోవార్ వెలిగించినందుకు మూడేళ్లు వేసిన ప్రభుత్వం అదే మనిషికి ఆ తర్వాత యాస్నాయా పొల్యానా సంరక్షణ అప్పజెప్పింది, ఆ పని ఆవిడ కన్నా బాగా చేయగలవాళ్లు లేరు కాబట్టి.

నల్లసిరా:
ఆ ఎనిమిదేళ్లూ ఆవిడ అక్కడ ఇల్లు ఇల్లులాగే నిలబెట్టింది. బడి పెట్టింది, ఆసుపత్రికి పాటుపడింది. 1928లో తండ్రి శతజయంతి నాటికి కొత్త బడి భవనం తెరిచారు. చిక్కల్లా బళ్లో ఏం చెప్పాలన్న దగ్గర వచ్చింది. టాల్‌స్టాయ్ పేరు మీద నడిచే బళ్లో దేవుడికి వ్యతిరేకంగా పాఠాలు చెప్పాలని, సైనిక శిక్షణ ఉండాలని ఒత్తిడి పెరుగుతూ పోయింది. హింస కూడదన్న మనిషి ఇంట్లో పిల్లలకి తుపాకీ పట్టడం నేర్పమంటే ఏ సంరక్షకురాలు ఒప్పుకుంటుంది? 1929లో ఉపన్యాసాల కోసమని అనుమతి తీసుకుని జపాన్ వెళ్లింది. మళ్లీ రష్యా మట్టి తొక్కలేదు. 1931లో జపాన్ నుంచి అమెరికా.

ఎర్రమందారం గారూ, ఆ దేశం పుస్తకాలు అచ్చువేసింది, నిజమే. ఆ పుస్తకాల్లో ఉన్న మాటల ప్రకారం బతకనివ్వలేదు. ఆవిడకి రెండోదే ముఖ్యం.

ఎర్రమందారం:
రాతప్రతుల పనికి ఆవిడకి దక్కాల్సిన గౌరవం దక్కాలి, అందులో నాకు పేచీ లేదు. నా అభ్యంతరం అమెరికా రోజుల మీదే. 1948లో ఒక్సానా కసెంకినా అనే సోవియట్ టీచరు న్యూయార్క్‌లో పారిపోయి ఈవిడ నడిపే ఫారంలో తలదాచుకుంది. సోవియట్ అధికారులు ఆవిడని కాన్సులేట్‌కి తీసుకెళ్లారు, అక్కడి కిటికీలోంచి ఆవిడ కిందికి దూకి గాయాలతో బయటపడింది. అది పెద్ద రాజకీయ దుమారమైంది, రెండు దేశాలూ దాన్ని ఆయుధంగా వాడుకున్నాయి. సేవాసంస్థ అలాంటి పోరులో ఒక పక్షాన నిలబడటం సరైనదా?

కాగితంపడవ:
తల్లి విషయంలో నేను సాషాని విమర్శించాను కాబట్టి ఇది కూడా నేనే చెబుతాను. పారిపోయి వచ్చి గుమ్మం తట్టిన ఆడమనిషిని లోపలికి రమ్మనడం ఏ పక్షమూ కాదు. తర్వాత దినపత్రికలు ఏం చేశాయన్నది వేరే లెక్క.

అమెరికాలో ఆవిడ ఎలా మొదలుపెట్టిందో చూడండి. టాల్‌స్టాయ్ కూతురు, జమీందారీ బిరుదు ఉన్న మనిషి. ఆ బిరుదు చూపించి విందులకి తిరగొచ్చు. పెన్సిల్వేనియాలో, తర్వాత కనెక్టికట్‌లో కోళ్లు పెంచింది, పేడ ఎత్తింది, ట్రాక్టర్ నడిపింది, మధ్యలో ఉపన్యాసాలు ఇచ్చింది. 1941లో అమెరికా పౌరసత్వం తీసుకున్నప్పుడు కౌంటెస్ బిరుదు వదులుకుంది.

1939లో న్యూయార్క్‌లో టాల్‌స్టాయ్ ఫౌండేషన్ పెట్టింది. పియానో విద్వాంసుడు రాఖ్‌మానినోవ్, హెలికాప్టర్ల సికోర్‌స్కీ తోడు నిలిచినవాళ్లలో ఉన్నారు. 1941లో న్యూయార్క్ రాష్ట్రంలోని వ్యాలీ కాటేజ్ దగ్గర దాదాపు 70 ఎకరాల రీడ్ ఫారం విరాళంగా వచ్చింది. యుద్ధం ముగిశాక జర్మనీలో, ఆస్ట్రియాలో శిబిరాల నిండా జనం. యుద్ధం చివర్లో మిత్రదేశాలు చేసుకున్న యాల్టా ఒప్పందం ప్రకారం సోవియట్ పౌరులని బలవంతంగా వెనక్కి పంపుతుంటే కొందరు రైలెక్కేముందే ఉరేసుకున్నారు. అలాంటివాళ్లకి అమెరికాలో పూచీదారుని వెతకాలి, పని చూపాలి, వచ్చినరోజు పడుకోవడానికి మంచం చూపాలి. ఆ మంచం రీడ్ ఫారంలో ఉండేది. పండించిన కూరగాయలు, పాలు, గుడ్లు అక్కడే. పిల్లలకి బడి, ముసలివాళ్లకి ఆశ్రమం, చిన్న చర్చి, గ్రంథాలయం.

రష్యన్లకి మాత్రమే చేసిందనుకునేవాళ్లకి ఒక సంగతి. కల్మిక్కులని బౌద్ధులున్నారు, మంగోల్ జాతివాళ్లు. మీరు ఆసియావాళ్లు, మా చట్టం ఒప్పుకోదు అని అమెరికా వాళ్లని రానివ్వలేదు. వాళ్ల కోసం పోరాడిన సంస్థల్లో ఇది ముందుంది. 1951లో ఆ అడ్డు తొలగి, న్యూజెర్సీలోనూ ఫిలడెల్ఫియాలోనూ వాళ్లు స్థిరపడ్డారు. 1972లో ఇదీ అమీన్ ఉగాండా నుంచి తరిమేసిన ఆసియావాళ్లలో కొందరికి అమెరికాలో దారి చూపిన సంస్థల్లో కూడా టాల్‌స్టాయ్ ఫౌండేషన్ ఉంది. మనవాళ్లు కదా అందులో ఎక్కువమంది. అప్పటికి ఆవిడకి 88 ఏళ్లు.

రైలుబండి:
ఉగాండా సంగతి ఇప్పుడే వింటున్నా. మరి రష్యాలో ఆవిడ పేరు ఏమైంది?

వెన్నెలబడి:
చెరిపేశారు. మాతృదేశ ద్రోహి అని ముద్ర వేశారు. మ్యూజియంలో ఆవిడ పేరు ఎత్తేవాళ్లు కాదు, టాల్‌స్టాయ్ పక్కన ఆవిడ ఉన్న ఫొటోలు పక్కకి పోయాయి. ఆ ఇంటిని నిలబెట్టిన మనిషి ఆ ఇంటి చరిత్రలోనే లేకుండా పోయింది. తండ్రి మీద ఆవిడ రాసిన పెద్ద జీవితచరిత్ర 1953లో అమెరికాలో వచ్చింది, రష్యాలో మాత్రం సోవియట్ చివరి సంవత్సరాల దాకా అచ్చుకాలేదు. 1978లో తండ్రి 150వ జయంతికి పిలుపు వచ్చిందట కానీ అప్పటికి ఆవిడ మంచం పట్టింది.

దస్తావేజు:
ఎర్రమందారం గారు అడిగినదానికి ఇంకో సంగతి కలుపుతాను. రష్యన్ నవలాకారుడు నబొకోవ్ 1940లో ఫ్రాన్స్ నుంచి అమెరికా రావడానికి కావాల్సిన పూచీ పత్రం, సంగీత దర్శకుడు కూసెవిట్స్కీ ద్వారా ఇప్పించింది ఈవిడే. నబొకోవ్ భార్య యూదురాలు, పారిస్‌లో జర్మన్లు అడుగుపెట్టడానికి కొద్దివారాల ముందు ఓడెక్కారు. ఒక్క కాగితం విలువ అది. సాహిత్యం మీద ప్రేమున్న మనమైనా ఆవిడని ఆ అక్టోబరు రాత్రికే పరిమితం చేయకూడదు.

ఎర్రమందారం:
కల్మిక్కుల సంగతి, నబొకోవ్ సంగతి బాగా చెప్పారు. రాజకీయంగా నేను ఆవిడతో ఏకీభవించను, ఇకముందు కూడా. ఆవిడ పని ముందు మాత్రం తలవంచుతాను.

కాగితంపడవ:
తల్లి సంగతి మొదలుపెట్టింది నేనే కాబట్టి, మిగతాది కూడా చెప్పి వెళ్తాను. విప్లవం తర్వాత ఆకలి రోజుల్లో సోఫియా యాస్నాయా పొల్యానాలోనే ఉండిపోయింది. 1919 నవంబరులో న్యుమోనియాతో మంచం పట్టినప్పుడు సాషా పక్కనే ఉంది. తల్లి క్షమించమంది, కూతురూ క్షమించమంది. భర్త గురించి ఆఖరికి ప్రేమగానే మాట్లాడింది. తొమ్మిదేళ్ల కిందట ఆస్టపోవోలో జరిగింది దీంతో చెరిగిపోదు, నా మనసులో ఆ కిటికీ అలాగే ఉంది. అయితే సాషా అంతకుముందు రాసిన జ్ఞాపకాల్లో తల్లి మీద ఉన్న పదును, 69 ఏళ్ల వయసులో వెలువడిన ఆ జీవితచరిత్రలో బాగా తగ్గింది. నల్లసిరా గారూ, మీ దగ్గర ఆ పుస్తకం ఉంటే, సోఫియా గురించిన అధ్యాయాలు ఒకసారి చదివి ఇక్కడే రాయండి. ఆవిడ తరఫున వాదించడానికి నాకు ఇంకా చాలా ఉంది.